ఎస్తేరుకు ఎవరూ చెప్పలేదు

రిటైరయ్యాక ఒకసారి నన్ను హౌస్ సర్జన్ల శిక్షణకు పిలిచారు. రోగులతో ఎలా మాట్లాడాలన్నది విషయం. నాకంటే ముందు మాట్లాడినాయన కంపెనీల్లో ఉద్యోగులకు తర్ఫీదు ఇచ్చే మనిషి. తెర మీద బొమ్మలు చూపించాడు. నవ్వుతూ పలకరించండి, కళ్ళలోకి చూడండి, పేరు పెట్టి పిలవండి, చివర్లో "ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడగండి అన్నాడు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. హోటల్లో గదులు అద్దెకిచ్చేవాళ్ళకు చెప్పాల్సిన మాటలు అవి. మన దగ్గరికి వచ్చేవాళ్ళు గది కోసం రారు.

నా వంతు రాగానే ఎస్తేరు గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగానే భోజనాల వేళయిందని నిర్వాహకులు సైగ చేశారు. మిగిలిన సగంతో కలిపి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు చదవాలని రాస్తున్నాను. చదివి నా మీద కోపం తెచ్చుకున్నా ఫర్వాలేదు.

నేను కాన్పుల డాక్టర్ని. తాండూరులో, ఆ తర్వాత వికారాబాద్‌లో సర్కారు దవాఖానల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి రాయను. వాటివల్ల నాకు జీతం పెరిగింది తప్ప బుద్ధి పెరగలేదు.

'కొంచెం' అనే మాట

ఎస్తేరుది పెద్దేముల్ వైపు ఒక పల్లె. పొలం కూలికి పోయేది. భర్త ప్రభుదాస్ కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. పెళ్ళయిన చాలా ఏళ్ళకు కడుపు నిలిచింది. ఎనిమిదో నెలలో ఒకరోజు పిల్ల కదలిక తగ్గినట్టు అనిపించి, ఇద్దరూ షేరింగ్ ఆటో ఎక్కి తాండూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు వెళ్ళారు. అక్కడి డాక్టరు పేరు రాయను. ఒకప్పుడు నా దగ్గర పనిచేసిన అమ్మాయే. చేతిలో మంచి పనితనం ఉంది. ఎంత చిక్కు కాన్పయినా బెదరదు. అందుకే నాకు ఆమె మీద కోపం ఇంకా ఎక్కువ.

ఆమె స్కానింగ్ చేసింది. పిల్ల గుండె ఆడటం లేదు. మళ్ళీ చూసింది. లేదు. తెరను అటు పక్కకు తిప్పి, ఎస్తేరు పొట్ట మీది జెల్లు తుడిచి, "పిల్ల కొంచెం డల్‌గా ఉంది. వికారాబాద్ పెద్ద దవాఖానల ఒకపారి చూపించుకోండి" అంది. అంతే. ఎస్తేరు చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది.

ఆమె బాత్రూముకు వెళ్ళినప్పుడు డాక్టరు ప్రభుదాస్‌ను వరండాలోకి పిలిచింది. అక్కడ ఏమందో అతను తర్వాత నాకు చెప్పాడు. "పిల్ల పోయింది. ఆమెకు ఇప్పుడే చెప్పకు. గాబరా పడితే బీపీ పెరిగి పానం మీదికొస్తది. నువ్వే మెల్లగ తీస్కపోయి చూపించు."

ఇంకోసారి చదవండి. ఒక్క వాక్యంలో కూడా అబద్ధం లేదనుకుంటున్నారు కదా? ఇప్పుడు వాటిని ప్రభుదాస్ చెవులతో వినండి. చెబితే భార్య చచ్చిపోతుంది. మెల్లగా తీసుకుపోవాలి. పిల్ల పోయింది కాబట్టి ఇక తొందర లేదు. అతనికి అర్థమైంది ఇదే. లోపల చనిపోయిన పిల్ల ఎక్కువకాలం ఉంటే తల్లికి ప్రమాదమని, ఉమ్మనీరు కారినా, జ్వరం వచ్చినా, రక్తం కనబడినా ఆగకుండా రావాలని అతనికి ఎవరూ చెప్పలేదు. డాక్టరుకు తెలియదా? బాగా తెలుసు. ఎప్పుడు నిద్రలేపి అడిగినా గడగడా చెప్పేస్తుంది. చెప్పాల్సిన మనిషికే చెప్పలేదు.

'కొంచెం' అనే మాటను మన ఓపీ గదుల్లోంచి తరిమెయ్యాలని నాకు ఎప్పటి నుంచో కసి. బీపీ కొంచెం ఎక్కువుంది అంటాం, రక్తం కొంచెం తక్కువుంది అంటాం. కొంచెమే కదా అని వాళ్ళు కందులు కోయడానికి పోతారు. తర్వాత ఫిట్స్‌తోనో, ఊపిరాడకుండానో వస్తే, "ఇన్ని రోజులు ఏం చేశారు? చదువు లేకపోతే ఇంతే" అని తిడతాం. కొంచెం అన్నది ఎవరు?

గడప దగ్గర నిలబడిన మనిషి

వాళ్ళు ఇంటికి పోయారు. కంది కోతల కాలం. ఎస్తేరు చేనుకు కూడా పోయింది. పని చేస్తూ కడుపు మీద చెయ్యేసుకుని లోపలి పిల్లతో మాట్లాడేదట. ప్రభుదాస్ డ్యూటీకి పోకుండా ఆమె వెనకాలే తిరిగేవాడు. "ఏమైందయ్యా నీకు, ఊకె ఎంబడి తిరుగుతున్నవ్" అని ఆమె నవ్వేదట. రేపు పోదాం అనేవాడు. పొద్దున్నే ఆమె మొహం చూసేసరికి నోరు రాక ఎల్లుండి అనేవాడు.

చివరికి ఆమెకు చలి పెట్టి జ్వరం వచ్చింది. నీళ్ళు కారడం మొదలైంది. అప్పుడు వికారాబాద్ తీసుకొచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఓపీలో జనం కిటకిటలాడుతున్నారు. ఎస్తేరు వచ్చి బల్ల మీద కూర్చుని తనే మొదలుపెట్టింది. "జరమొచ్చింది డాక్టరమ్మా. పిల్ల గూడ జర మెల్లగైంది. దానికి గూడ జరం తగిలిందేమో సూడు." ఒళ్ళు కాలిపోతోంది. ప్రభుదాస్ లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి గోడకేసి చూస్తున్నాడు. నేను స్కాన్ పెట్టాను. ఎంతోసేపు చూడాల్సిన పని లేదు. తల తిప్పి అతన్ని చూశాను. అతనికి తెలుసని నాకు అర్థమైంది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. మీలో ఎక్కువమంది పారిపోయేది ఇక్కడే.

నేను నర్సును పిలిచి తలుపు వేయమన్నాను. ఎస్తేరును లేపి కూర్చోబెట్టి, చీర సర్దుకోనిచ్చాను. బట్టలు పక్కకు తొలగి ఉన్న మనిషికి చావు వార్త చెప్పకూడదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. "ఎస్తేరూ, నీకు చెడ్డమాట చెప్పాలె. నీ కడుపుల పిల్ల సచ్చిపోయింది" అన్నాను.

చచ్చిపోయింది అనే అన్నాను. గుండె కొట్టుకోవట్లేదు అంటే, కొట్టుకునేలా సూది వెయ్యి అంటారు. రెస్పాన్స్ లేదు అంటే ఆక్సిజన్ పెట్టమంటారు. దేవుడి దయ అంటే ఇంకా ఆశ ఉందనుకుంటారు. చావుకు మన భాషలో మాట ఉంది. అది నోట్లోంచి రావడానికి మనకు బరువు కాబట్టి ఇంగ్లీషు వెనక దాక్కుంటాం. దాక్కుని దానికి సున్నితత్వం అని పేరు పెట్టుకుంటాం.

ఆమె నా మొహం చూస్తూ ఉండిపోయింది. నేను నోరు మూసుకున్నాను. ఆ నిశ్శబ్దం భరించడం మన ఉద్యోగంలో భాగం. చాలామంది దాన్ని తట్టుకోలేక గబగబా మందుల గురించి మొదలుపెడతారు.

"మరి కదుల్తుంది గదమ్మా" అంది చివరికి.

"నువ్వు అటు ఇటు ఒరిగినప్పుడు లోపల నీళ్ళల్ల పిల్ల ఒరుగుతది బిడ్డా. అది తనకు తానుగ కదులుడు కాదు."

"నీకు గిప్పుడే తెల్సిందా?"

"నాకు గిప్పుడే తెల్సింది."

ఆమె తల తిప్పి గడప వైపు చూసింది. "నీకు?"

ప్రభుదాస్ కిందికి జారి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"నేను దానితోని మాట్లాడుతుంటే ఇనుకుంట ఊకున్నవా?" అంది ఎస్తేరు. కేక వేయలేదు. అరిచి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు.

ఏడుపు వద్దన్న బాస్

కాన్పు చేయించాం. ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగలేదు. రక్తం కోసం ఊరంతా ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఆమె బతుకుతుందని నేను ఎవరికీ మాటివ్వలేదు. ప్రభుదాస్‌కు ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "పానం మీదికొచ్చింది. నేను ఇడిచిపెట్ట. కానీ బతుకుతదని చెప్పలేను." అతను తలూపి వరండాలో గోడ పక్కన కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నిజం చెబితే మీద పడి కొడతారని భయపడేవాళ్ళు ఆ మనిషిని చూసి ఉండాల్సింది.

ఎస్తేరు బతికింది. తేరుకోగానే మొదట అడిగిన మాట, "పిల్లను సూస్త."

ఆడపిల్ల. నర్సు అప్పటికే గుడ్డ చుట్టి పక్కగదిలో పెట్టింది. నేను తెమ్మన్నాను. అంతలో మా సూపరింటెండెంటు వచ్చాడు. మంచి ఆపరేషన్లు చేసిన మనిషే. కుర్చీ ఎక్కాక ఆయనకు దవాఖాన అంటే గోల లేకుండా చూసుకోవాల్సిన ఆఫీసు అయిపోయింది.

"చూపించకండి మేడమ్" అన్నాడు. "చూస్తే ఏడుస్తుంది. ఏడిస్తే వార్డు మొత్తం లేస్తుంది. చుట్టాలు పోగవుతారు. రేపు పేపర్లో మనమే పడతాం. మొగుడికి అప్పజెప్పి సంతకం తీసుకోండి, చాలు."

"ఆమె పిల్ల సార్ అది" అన్నాను.

"మీకు కౌన్సెలింగులు చేసే టైమెక్కడిది? బయట లైను చూశారా?"

ఈ ప్రశ్న నా ఉద్యోగమంతా విన్నాను. లైను ఉంది. నిజమే. ఎప్పుడూ ఉంటుంది. ఆ లైనులో సగం మంది, పోయినసారి చెప్పింది అర్థంకాక మళ్ళీ వచ్చినవాళ్ళు. సూది ఎందుకు వేశారో తెలియనివాళ్ళు, గోలీ ఎప్పుడు ఆపాలో తెలియక ఆపేసినవాళ్ళు. మాట్లాడటానికి టైము లేదనే డాక్టర్లే ఆ లైనును పెంచుతున్నారు. నేను ఆయనతో అదే అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. వార్డులో అందరూ విన్నారు. ఆయన నాతో చాలాకాలం మాట్లాడలేదు. నాకేం నష్టం రాలేదు.

పిల్లను తెచ్చి ఎస్తేరు చేతుల్లో పెట్టాను. ఒంటి తోలు అక్కడక్కడ ఊడి ఉంటుందని, చూడటానికి కష్టంగా ఉంటుందని ముందే చెప్పాను. ఆమె గుడ్డ తీసి వేళ్ళు, చెవులు అన్నీ చూసింది. ఏడ్చింది. వార్డు లేచిన మాట నిజమే. పక్క మంచం మీది బాలింత లేచి వచ్చి ఎస్తేరు భుజం పట్టుకుని నిలబడింది. ఇంకెవరో చాయ్ తెచ్చారు. ఎవరూ ఎవరి మీదా పడలేదు.

ఆ సాయంత్రం తాండూరు డాక్టరుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"అయ్యో మేడమ్, నేను రెఫర్ చేశాను కదా. భర్తకు చెప్పాను కూడా."

"ఆమెకు ఎందుకు చెప్పలేదు?"

"ఆ వాతావరణం మీకు తెలియంది కాదు మేడమ్. నా దగ్గర ఏడుపులు మొదలైతే ఊరంతా వస్తారు. అద్దాలు పగలగొడతారు. నేను ఒక్కదాన్ని. పైగా వాళ్ళకు చెప్పినా అర్థం కాదు."

అద్దాల మాట నేను కొట్టిపారెయ్యను. డాక్టర్లను కొట్టినవాళ్ళు ఉన్నారు. అది దుర్మార్గం, వాళ్ళను జైల్లో పెట్టాలి. అయితే నేను చూసినంతలో జనం లేచేది చావు చూసి కాదు. ముందే తెలిసీ దాచారని తెలిసినప్పుడు లేస్తారు. ఇక చెప్పినా అర్థం కాదన్న మాట మాత్రం నేను క్షమించలేను. పిల్ల చచ్చిపోయిందన్న మాట అర్థం కాని తల్లి ఈ భూమ్మీద ఎక్కడుంది?

దెబ్బలు తిన్నది ఎవరు

కొన్ని వారాలకు ఎస్తేరు చూపించుకోవడానికి ఒక్కతే వచ్చింది. ఒళ్ళు కోలుకుంది. మనిషి కోలుకోలేదు. భర్త ఏడని అడిగాను.

"నేను ఆయనతోని మాట్లాడతలే. మా అమ్మగారింట్ల ఉంటున్న" అంది. "మా తమ్ముడు ఆయన్ను కొట్టిండు డాక్టరమ్మా. ఊరోళ్ళ ముంగట. తెల్సి గూడ మా అక్కను సంపబోయినవ్ అని కొట్టిండు. ఆయన చెయ్యి గూడ అడ్డం పెట్టలే" అంది.

ఒక డాక్టరు తన గదిలో ఏడుపు వినలేక, తన పనిని తీసుకెళ్ళి ఒక కూలీ మనిషి నెత్తిన పెట్టింది. చెబితే నీ పెళ్ళాం చస్తుందని భయపెట్టి మరీ పెట్టింది. అతను ఆమెను బతికించుకోవడానికే నోరు మూసుకున్నాడు. ఇప్పుడు ఊళ్ళో హంతకుడు అతనే. ఆ డాక్టరుకేమో నర్సింగ్ హోము ముందు బోర్డు కూడా చెక్కుచెదరలేదు.

వరండాలో ఆ డాక్టరు అన్న మాటలు ఎస్తేరుకు మొదటిసారి చెప్పాను. ప్రభుదాస్ తనంతట తాను ఆమెకు చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఆమె అతన్ని దగ్గరికి రానివ్వలేదు కూడా.

ఆమె అంతా వింది. తర్వాత అడిగింది. "అయితే ఆయన తప్పు లేదా?"

"నీకు చెప్పుడు డాక్టరు పని. ఆయన పని కాదు."

"అయితే నన్ను ఆమె కాడికి తోల్కపో."

తర్వాతి సెలవు రోజున ఇద్దరం వికారాబాద్ స్టేషన్లో రైలెక్కి తాండూరు వెళ్ళాం. నేను ఆమెకు ఏం మాట్లాడాలో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనబడలేదు.

నర్సింగ్ హోములో డాక్టరు మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. నాతో ఇంగ్లీషులో మొదలుపెట్టింది. కేసు వివరాలు, రెఫర్ చేసిన తీరు, అన్నీ నాకే చెబుతోంది. ఎస్తేరు వైపు చూడదు.

"తెలుగుల చెప్పు" అంది ఎస్తేరు. "నాకు చెప్పు. సచ్చింది నా పిల్ల, మేడం పిల్ల గాదు."

డాక్టరు ఆగిపోయింది. "ఆ రోజు నీకు చెబితే తట్టుకోలేవనుకున్న అమ్మా. ఏడుస్తవనుకున్న."

"ఏడుద్దును. ఏడిస్తే నీకేం పాయె? ఆ దినమే ఏడ్సి ఆ దినమే దవఖానకు పోదును. నువ్వు డల్ ఉందన్నవ్. నేను ఇంటికి పోయి దానికి పాట పాడిన."

బయట కాంపౌండరు తొంగిచూసి వెళ్ళిపోయాడు. డాక్టరు కళ్ళు తుడుచుకుని, "నన్ను మాఫ్ చెయ్యమ్మా" అంది. ఎస్తేరు తల అడ్డంగా ఊపింది.

"నాకు మాఫీ వద్దు. మా తమ్మునికి ఫోన్ జెయ్యి. ఇంట్ల చెప్పొద్దని మా ఆయనకు చెప్పింది నేనే అని చెప్పు."

డాక్టరు మొహం తెల్లబోయింది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అద్దాలు, ఊరు, జనం. నేను ఆమెను కాపాడలేదు. కాపాడే ఉద్దేశం లేదు.

"భయపడకు" అంది ఎస్తేరు. "వాడు రాడు. నేను ఈడనే కూసున్న గదా. రాకుంట నేను జూస్త."

ఎస్తేరే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను బల్ల మీద ఉంచింది. అటు నుంచి తమ్ముడు "అక్కా" అన్నాడు. "డాక్టరమ్మ మాట్లాడతది, ఇను" అంది.

డాక్టరు ఫోను వైపు వంగింది. తర్వాత చెప్పింది. స్కానింగ్‌లో పిల్ల చనిపోయినట్టు తను చూసిందని, ఎస్తేరుకు చెప్పలేదని, చెబితే ప్రాణం మీదికి వస్తుందని భర్తను భయపెట్టింది తనేనని, ఆగకుండా పెద్ద దవాఖానకు పోవాలని అతనికి చెప్పలేదని. నీళ్ళు నమలకుండా, ఇంగ్లీషు కలపకుండా చెప్పింది. ఆమెకు చేతకాదని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఎంత చక్కగా చెప్పగలదో విన్నకొద్దీ నాకు కోపం పెరిగింది.

అటు నుంచి తమ్ముడి గొంతు సన్నగా వినిపించింది. "అయితే మా బావ తప్పేం లేదా, డాక్టరమ్మా?"

"లేదు" అంది డాక్టరు. "నాది."

ఎస్తేరు ఫోను తీసుకుని చీర కొంగులో పెట్టుకుంది. లేచి, డాక్టరుకు పోయొస్తానని కూడా చెప్పకుండా బయటికి నడిచింది.

రోడ్డు మీదికి వచ్చాక నన్ను అడిగింది, "కరణ్‌కోట బస్సు ఏడ ఆగుతది?"

"ఎందుకు? స్టేషనుకు పోదాం. నాతోని రావా?"

"ఆయన డ్యూటీ దిగెటాళ్లకు గేటు కాడ ఉండాలె."

బస్సు దాకా తోడు వెళ్ళాను. ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయే మగవాళ్ళతో నిండిపోయి ఉంది. ఎస్తేరు వాళ్ళను తోసుకుంటూ ఎక్కింది. ఎవరో లేచి సీటిస్తే కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు నా వైపు చూడలేదు, ముందున్న రోడ్డు వైపే చూస్తోంది. నేను ఒక్కదాన్నే స్టేషనుకు నడిచాను. కోపంతోనే.